యాదగిరిగుట్ట చుట్టూ నాలుగు ఘటనలు: ఆలయ కార్యాలయం ఎక్కడ ఆపగలదు?

2019 సెప్టెంబరులో యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామి ఆలయ పునర్నిర్మాణం సాగుతుండగా ఒక సంగతి బయటపడింది. అష్టభుజి ప్రాకార మండపం రాతి స్తంభాల మీద అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ముఖం, ఆయన పార్టీ గుర్తు కారు, ఆయన ప్రభుత్వ పథకాలైన కేసీఆర్ కిట్, హరితహారం బొమ్మలు చెక్కి ఉన్నాయి. గొడవ అయింది, తీసేశారు. 2022 అక్టోబరు 28న, మునుగోడు ఉప ఎన్నిక ప్రచారం నడుమ, అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ అదే గుడికి వచ్చారు. మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో ఎమ్మెల్యేల బేరంతో తమ పార్టీకి సంబంధం లేదని తడిబట్టలతో ప్రమాణం చేశారు. 2024 లోక్‌సభ ప్రచార సభలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆగస్టు 15లోగా రెండు లక్షల రూపాయల దాకా పంట రుణాలు మాఫీ చేస్తానని ఇదే స్వామి మీద ఒట్టు వేశారు. మాఫీ పూర్తికాలేదన్న వాదనతో ఆ ఆగస్టులోనే బీఆర్ఎస్ నాయకుడు హరీశ్‌రావు కొండెక్కి పాప పరిహార పూజ చేశారు.

మూడు పార్టీలు, నాలుగు ఘటనలు, ఒకే స్వామి. ఎవరిది ఎంత తప్పు అని తూచడం ఈ వ్యాసం పని కాదు. ఆ నాలుగు సందర్భాల్లో చట్టం ఏ ప్రశ్న అడుగుతుంది, ఏ ప్రశ్న అడగకుండా వదిలేస్తుంది, గుడి కార్యనిర్వహణాధికారి (ఈవో) బల్ల మీద అప్పటికే ఏ కాగితం ఉండి ఉండాలి అన్నదే విషయం. మతమూ రాజకీయమూ ముడిపడే చోటును అందరూ సభా వేదిక మీద వెతుకుతారు. ఆలయ పరిపాలనలో పనిచేసేవాళ్లకు అది ఎక్కువసార్లు ఫైల్లో కనిపిస్తుంది: డ్రాయింగు ఆమోదం, పాలకమండలి జీవో, దర్శనం ప్రోటోకాల్, మైకు అనుమతి, ఎస్టిమేటు మీద రాసిన పని పేరు. ఎన్నికల చట్టం చివర్లో పట్టుకుంటుంది, అదీ పట్టుకోగలిగితే. ఫైలు మొదట్లోనే ఆపగలదు.

రాజ్యం గుళ్లో ఎందుకు ఉంది

రాజ్యాంగం 25వ అధికరణంలోని (2)(ఎ) ప్రకారం మతాచారంతో ముడిపడిన ఆర్థిక, రాజకీయ, ఇతర లౌకిక కార్యకలాపాలను ప్రభుత్వం నియంత్రించవచ్చు. దేవాదాయ చట్టం, అంటే 1987 నాటి 30వ చట్టం, ఆ తలుపులోంచే వచ్చింది. 15వ సెక్షన్ కింద పాలకమండలి, 29వ సెక్షన్ కింద ఈవో. కైంకర్యం అర్చకులది, పద్దు ఈవోది. యాదగిరిగుట్టలో ఆగమం, అంటే పూజా విధానం చెప్పే శాస్త్రం, పాంచరాత్రం. దాని జోలికి ప్రభుత్వ అధికారి వెళ్లడు, వెళ్లకూడదు.

చిక్కు ఏమిటంటే, గుడిని రాజకీయం నుంచి కాపాడాల్సిన ఈవో బదిలీ ప్రభుత్వం చేతిలో ఉంటుంది. పాలకమండలి అధ్యక్ష పదవి పార్టీలో పనిచేసినవాళ్లకు ఇచ్చే పదవుల జాబితాలో ఉంటుంది. ఈ మాట ఉమ్మడి రాష్ట్రంలోనూ నిజమే, ఇప్పుడూ నిజమే. 2025 మార్చిలో శాసనసభ యాదగిరిగుట్టకు తిరుమల తరహాలో ప్రత్యేక పాలకమండలి కోసం దేవాదాయ చట్టాన్ని సవరించింది. మండలి పెద్దదయ్యే కొద్దీ సిఫారసు లేఖలు పెరుగుతాయి. తిరుమల నమూనా తెచ్చుకునేటప్పుడు అక్కడి పాలకమండలి 2024 నవంబరులో తీసుకున్న మరో నిర్ణయాన్నీ తెచ్చుకుంటే బాగుంటుంది: కొండ మీద రాజకీయ ప్రకటనలు నిషేధం. దర్శనం చేసుకుని బయటికొచ్చి గోపురం వెనకాల కనబడేట్టు నిలబడి ప్రత్యర్థిని తిట్టే అలవాటుకు ఆ తీర్మానం కళ్లెం వేసింది.

ప్రజాధనంతో గుడి కట్టడం, ఒక మతాన్ని పోషించడానికి పన్ను కట్టించరాదన్న 27వ అధికరణానికి విరుద్ధం కాదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. ప్రఫుల్ గొరాడియా కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పింది: పన్నుల రాబడిలో గణనీయమైన భాగం ఒక మతానికి పోతేనే ఆ అధికరణం అడ్డుపడుతుంది. అందుకే ధూపదీప నైవేద్యం పథకం, ఇమాములు, మౌజన్ల గౌరవ భృతి, ఆలయాల నిర్మాణ నిధులు అన్నీ సాగిపోతున్నాయి. కోర్టు గీసిన గీత అంత దూరంలో ఉంది కాబట్టి దానికి ఇవతల జరిగేదాన్ని ఆఫీసు నియమాలే చూసుకోవాలి.

స్తంభం

కొత్త ఆలయం నల్లరాతి కట్టడం. 2016 ఏప్రిల్ నుంచి స్వామి బాలాలయంలో, అంటే పని సాగినన్నాళ్లూ పూజలు జరిగే తాత్కాలిక గుడిలో, ఉన్నారు. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ, అంటే గుడిని శుద్ధి చేసి పూజకు తెరిచే క్రతువు, జరిగి ప్రధానాలయ దర్శనాలు మొదలయ్యాయి. చెక్కడాల సంగతి బయటపడింది ఈ రెంటికీ మధ్యలో, పని నడుస్తుండగా. అది పెద్ద అదృష్టం. సంప్రోక్షణ అయ్యాక స్తంభం మీద ఉలి పెట్టాలంటే ఆగమ పండితుల అనుమతి, దానికి తగిన శాంతి క్రతువు కావాలి. గర్భాలయానికి దగ్గరైతే మళ్లీ బాలాలయం దాకా మాట వస్తుంది.

శిల్పులు తమ కాలపు జీవితాన్ని చెక్కారన్నది అప్పట్లో అధికారులు ఇచ్చిన వివరణ. ఈ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. పాత గుళ్ల ప్రాకారాల మీద వేటగాళ్లు, వర్తకులు, రాజులు, సైనికులు కనిపిస్తూనే ఉంటారు. ప్రాకారం మీద బతుకమ్మ ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అభ్యంతరం రెండు చోట్ల వస్తుంది: పదవిలో ఉన్న మనిషి ముఖం, ఎన్నికల సంఘం కేటాయించిన గుర్తు.

రెండోదానికి స్పష్టమైన ఆదేశం ఉంది. ఉత్తరప్రదేశ్ పార్కుల్లో బీఎస్పీ ఏనుగు విగ్రహాల మీద కామన్ కాజ్ సంస్థ వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2016 జులైలో తీర్పు ఇచ్చింది. దాన్ని అనుసరించి ఎన్నికల సంఘం 2016 అక్టోబరు 7న ఉత్తర్వు జారీచేసింది. పార్టీకి ప్రచారంగా పనిచేసేలా, దాని ఎన్నికల గుర్తును వ్యాప్తి చేసేలా ప్రజాధనాన్ని గానీ, బహిరంగ స్థలాన్ని గానీ, ప్రభుత్వ యంత్రాంగాన్ని గానీ వాడకూడదు, వాడనివ్వకూడదు. ఉల్లంఘిస్తే 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వులోని 16ఎ పేరా కింద పార్టీ గుర్తింపునే నిలిపివేయవచ్చు. స్తంభాల గొడవ వచ్చేనాటికి ఈ ఆదేశానికి మూడేళ్లు నిండబోతున్నాయి. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడే వర్తించే నియమం కాదిది, ఏడాది పొడవునా వర్తిస్తుంది. ఆలయ నిర్మాణ ఒప్పందాల్లో ఈ ఒక్క వాక్యం చేర్చడానికి ఎవరికీ ఖర్చు కాదు.

మరి తామర పువ్వు సంగతి? చెయ్యి సంగతి? పద్మపీఠం లేని దేవుడు లేడు, అభయహస్తం లేని విగ్రహం అరుదు. ఈ రెండు గుర్తులూ గుడి నుంచి బ్యాలెట్‌కు వెళ్లినవే కానీ బ్యాలెట్ నుంచి గుడికి వచ్చినవి కావు. పరీక్ష సులువు: పార్టీ అనేదే లేకున్నా ఆ బొమ్మ శిల్పశాస్త్రం ప్రకారం అక్కడ ఉండేదా? తామర ఉండేది. కారు ఉండేది కాదు.

ఆచరణలో ఆపాల్సిన చోటు డ్రాయింగు దశ. పెద్ద రాతి పనిలో స్తంభాలకు వరస నంబర్లు ఉంటాయి. ప్రతి స్తంభానికి నాలుగు ముఖాలు, ప్రతి ముఖానికి పై, నడుమ, కింది పలకలు. ఏ పలక మీద ఏ బొమ్మ అన్న పట్టిక ముందే ఉండాలి. దాని మీద స్థపతి (ప్రధాన శిల్పి), స్థానాచార్యులు (ఆలయ ఆగమ పెద్ద), ఇంజనీరు ముగ్గురి సంతకాలు ఉండాలి. ఎక్కడ తప్పుతుందంటే, గర్భాలయం, ముఖమండపం పలకలకు ఈ పట్టిక శ్రద్ధగా తయారవుతుంది. ప్రాకారానికి వచ్చేసరికి ‘అలంకార శిల్పం’ అని ఒక్క మాట రాసి, కొలతల్లో చదరపు అడుగుల లెక్క వేసి, బొమ్మ ఎంపిక శిల్పి చేతికి వదిలేస్తారు. బిల్లు చదరపు అడుగుకే కాబట్టి కొలత పుస్తకంలో బొమ్మ పేరు ఉండదు. తనిఖీకి వచ్చిన ఇంజనీరు లోతు, నునుపు, పగుళ్లు చూస్తాడు. బొమ్మ ఎవరిదో చూడటం అతని పని జాబితాలోనే లేదు. అందువల్ల ఎవరూ ఆదేశించకుండానే, ఎవరూ ఆమోదించకుండానే, రాతిలో ముఖ్యమంత్రి ముఖం తేలడం సాధ్యమే. అడిగితే ప్రతివాళ్లూ నిజమే చెబుతారు: నేను చెప్పలేదు.

తీసేయడమూ అనుకున్నంత తేలిక కాదు. రాతిలో కలపడం ఉండదు, తీసివేతే. ఉబ్బెత్తు బొమ్మను చెరిపితే ఆ మేరకు పలక లోపలికి పోతుంది, పక్క పలకలతో సమతలం తప్పుతుంది. రెండు దారులున్నాయి. ఆ ముఖం మొత్తాన్ని బొమ్మ లోతు మేరకు చదును చేయడం ఒకటి, ఉన్న ఉబ్బులోనే ఇమిడే వేరే ఆకృతిని, లతనో హంసనో, తిరిగి చెక్కడం రెండోది. రెండో దారికి మంచి శిల్పి కావాలి కానీ రాయి బలం తగ్గదు. ఏ దారిలో పోయినా ముందు ఫొటోలు తీసి, స్తంభం నంబరుతో పంచనామా రాసి, ఆ తరువాతే ఉలి ముట్టుకోవాలి. గొడవ చల్లార్చే తొందరలో రాత్రికి రాత్రే చెక్కేస్తే రేపు విచారణకు ఏ ఆధారమూ మిగలదు.

బంగారం విషయంలోనూ ఇలాంటి ఖాళీయే ఉంది. 2021 అక్టోబరులో విమాన గోపురం తాపడానికి 125 కిలోలు కావాలని, తొలి విరాళంగా తమ కుటుంబం కిలో 16 తులాలు ఇస్తుందని చంద్రశేఖరరావు ప్రకటించారు. మంత్రులు, ఎమ్మెల్యేల ప్రకటనలు వరస కట్టాయి. చివరికి 68 కిలోలతో తాపడం పూర్తయి, 2025 ఫిబ్రవరిలో తరువాతి ముఖ్యమంత్రి చేతుల మీదుగా స్వామికి సమర్పణ జరిగింది. విరాళం భక్తి, దానికి ఎవరూ అడ్డుచెప్పరు. రసీదు మాత్రం డబ్బు ఎవరి ఖాతా నుంచి వచ్చిందో వాళ్ల పేరు, పాన్ నంబరుతో ఉండాలి. హోదా పేరుతోనో నియోజకవర్గం పేరుతోనో రసీదు కోస్తే, అసలు ఇచ్చింది ఏ కాంట్రాక్టరో ఎన్నటికీ తెలియదు.

ఒట్టు

దక్షిణ తెలంగాణలో ఒట్టుకు ఇప్పటికీ విలువ ఉంది. పొలం గట్టు తగాదా, అప్పు తగాదా, దొంగతనం నింద, అన్నీ గుడి ముందు తడిబట్టలతో తేల్చుకునే ఊళ్లున్నాయి. నాయకులు దాన్ని వాడుకోవడంలో వింత లేదు. ఎన్నికల చట్టం మాత్రం ఒట్లన్నింటినీ ఒకేలా చూడదు.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(2) సెక్షన్ అనుచిత ప్రభావం గురించి చెబుతుంది. ఓటరును గానీ అభ్యర్థిని గానీ దైవాగ్రహానికి గురవుతావని నమ్మించినా, నమ్మించాలని చూసినా అది ఎన్నికల అక్రమం. 1959లో రామ్ దయాళ్ కేసులో సుప్రీంకోర్టు సిక్కుల్లో నామ్‌ధారీ శాఖ గురువు జారీచేసిన ఓటు హుకుంను ఇదే గాటన కట్టి ఎన్నికను రద్దు చేసింది. కాబట్టి డబ్బు పంచి, పసుపు బియ్యం ముట్టించి, ‘మా గుర్తుకే వేస్తానని నర్సన్న మీద ఒట్టు’ అనిపించుకోవడం రెండు నేరాలు కలిసిన పని: లంచం, అనుచిత ప్రభావం. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవి 170, 171 సెక్షన్లు.

ఇప్పుడు గుట్ట ఘటనలకు ఈ కొలత పెట్టి చూడండి. 2024 ఒట్టులో దైవాగ్రహం ఎవరి మీద పడుతుంది? మాట ఇచ్చిన మనిషి మీదే, ఓటరు మీద కాదు. 123(2) వర్తించదు. 123(3) మతం ప్రాతిపదికన ఓటు అడగడాన్ని నిషేధిస్తుంది. 2017 జనవరి 2న అభిరామ్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–3 మెజారిటీతో దాని పరిధిని పెంచింది: అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతాన్ని చూపి అడిగినా అక్రమమే. అయితే రుణమాఫీ చేస్తాను, స్వామి సాక్షి అన్నప్పుడు ఓటు అడిగింది మాఫీ ప్రాతిపదికన. దేవుణ్ని జామీను పెట్టడం వేరు, దేవుడి పేరున ఓటు అడగడం వేరు అని ఎదుటి లాయరు వాదిస్తాడు. ఆ వాదనకు బలముంది.

2022 ప్రమాణంలో అయితే అక్కడున్నది అభ్యర్థి కాదు, ఓటు ప్రస్తావన కూడా కాదు, ఒక ఆరోపణకు జవాబు. 123(3) కింద ఎవరి మాటైనా లెక్కలోకి రావాలంటే అభ్యర్థి గానీ, అతని ఏజెంటు గానీ, అభ్యర్థి సమ్మతితో మరొకరు గానీ అని ఉండాలి. ‘సమ్మతి’ని రుజువు చేయడం దగ్గరే సగం ఎన్నికల పిటిషన్లు కూలిపోతాయి.

కోడ్ మాటేమిటి? గుట్ట ఉన్నది ఆలేరు నియోజకవర్గంలో, ఎన్నిక మునుగోడుకు. అయినా కోడ్ వర్తిస్తుంది. సాధారణంగా నియోజకవర్గం ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా మొత్తానికి ఉప ఎన్నిక కోడ్ అమలవుతుంది. మునుగోడులోని చౌటుప్పల్, సంస్థాన్ నారాయణపురం మండలాలు యాదాద్రి భువనగిరి జిల్లావి. ‘మన దగ్గర ఎన్నిక లేదు కదా’ అని ఆలయ సిబ్బంది అనుకోవడం ఇలాంటి వేళ పెద్ద పొరపాటు. మసీదులు, చర్చిలు, గుళ్లను ఎన్నికల ప్రచార వేదికలుగా వాడరాదని కోడ్ మొదటి భాగంలోనే ఉంది.

సభలో వేసిన ఒట్టు పోగా, నాలుగు ఘటనల్లో మిగతా మూడింటికి దగ్గరగా వచ్చేది మాత్రం చాలామంది ఈవోలు చదవని ఓ చిన్న చట్టం: మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం, 1988. అందులో ‘రాజకీయ కార్యకలాపం’ అంటే పార్టీ లక్ష్యాల ప్రచారమే కాదు. రాజకీయ స్వభావం ఉన్న ఏ అంశాన్నైనా సభలు, ప్రదర్శనలు, ఊరేగింపులు, నిధులు, మరే మార్గంలోనైనా ముందుకు తీసుకెళ్లడం. 3వ సెక్షన్ ఆవరణను అందుకు వాడనివ్వొద్దంటుంది, 5వది నిధులను, 6వది సంస్థ జరిపే ఉత్సవాలు, ఊరేగింపులను. 7వ సెక్షన్ కింద శిక్ష ఐదేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా. బాధ్యత ఎవరిదో చూడండి: సంస్థ, దాని ‘మేనేజరు’. ఆ మాటలో గుడి వ్యవహారాలు నడిపే ప్రతివాళ్లూ వస్తారు, ఈవోతో సహా. నాయకుడు మాట్లాడి వెళ్లిపోతాడు; అనుమతించినవాడి మెడకు చుట్టుకుంటుంది. ఈ చట్టం ఎన్నికల సీజను కోసం ఆగదు, అభ్యర్థి సమ్మతి అడగదు, గుడికీ దర్గాకూ చర్చికీ ఒకటే. అయినా దీని కింద కేసులు అరుదు, ఎందుకంటే ఫిర్యాదు చేయాల్సిన చోట ఉన్న మనిషే మొదటి ముద్దాయి అయ్యే ప్రమాదం ఉంది.

ఇక్కడ భక్తుణ్నీ నాయకుణ్నీ ఎలా వేరుచేయాలి? మనసులో భక్తి ఎంత అని కొలవడం ఎవరివల్లా కాదు, ఆ అవసరమూ లేదు. బయటికి కనిపించే నాలుగు గుర్తులు చాలు: మెడలో పార్టీ కండువా, చేతిలో జెండా, నోటి ముందు మైకు, పిలిపించుకున్న కెమెరా. ఇవి లేకుండా ఎవరొచ్చి ఏ పూజ చేయించుకున్నా, మనసులో ఏ ఒట్టు పెట్టుకున్నా అది స్వామికీ వాళ్లకూ మధ్య విషయం. ఏ ఒక్కటి ఉన్నా మాడవీధి దాటనివ్వకూడదు. నియమం రాతలో ఉండి, వైకుంఠ ద్వారం దగ్గర బోర్డు మీద ఉండి, అధికార పార్టీ జడ్పీటీసీకి కూడా వర్తించిన చరిత్ర ఉంటేనే ప్రతిపక్ష నాయకుడి దగ్గర అది పనిచేస్తుంది. మొదటిరోజే ప్రతిపక్షం మీద ప్రయోగిస్తే కోర్టులో నిలవదు, నిలవకూడదు కూడా.

కోడ్ వచ్చిన రోజు

షెడ్యూలు ప్రకటించిన క్షణం నుంచి గంటల లెక్క మొదలవుతుంది. ప్రభుత్వ ఆస్తుల మీది ఫ్లెక్సీలు, రాతలు, పోస్టర్లు 24 గంటల్లో, బహిరంగ స్థలాలవి 48 గంటల్లో, ప్రైవేటు స్థలాల్లో అనుమతి లేనివి 72 గంటల్లో పోవాలి. గుడి దేనికిందికి వస్తుందన్న చర్చలో రెండు రోజులు పోగొట్టకుండా, దేవాదాయ శాఖ కింద ఉన్న గుడిని 24 గంటల వర్గంలో వేసుకోవడమే క్షేమం. ఫ్లెక్సీలు అందరికీ కనిపిస్తాయి, తీసేస్తారు. మిగిలిపోయేవి వేరే ఉంటాయి: అన్నదాన సత్రం గోడ మీది మంత్రి ఫొటో, ప్రసాదం సంచి మీద ముద్ర, ఆలయ వెబ్‌సైటు మొదటి పేజీ, క్యాలెండరు, క్యూలైన్లలోని టీవీల్లో తిరిగే ప్రచార వీడియో. వీడియో ఎక్కువసార్లు దొరికిపోతుంది, ఎందుకంటే దాన్ని ఆపే పాస్‌వర్డు కాంట్రాక్టు మనిషి దగ్గరుంటుంది, అతను సెలవులో ఉంటాడు.

కోడ్ ఉన్నన్నాళ్లూ మంత్రి వస్తే సొంత పని మీద వచ్చిన భక్తుడే. ఆశీర్వచనం ఇవ్వవచ్చు. ఆలయ మర్యాద అనే పేరుతో ఈవో, అధ్యక్షుడు బయటికొచ్చి స్వాగతం పలికి ఫొటో దిగడం, ఆ ఫొటో ఆలయ అధికారిక ఖాతాలో పెట్టడం కుదరదు. అధ్యక్షుడు తన పార్టీ అభ్యర్థి తరఫున ప్రచారానికి వెళ్లాలనుకుంటే గుడి వాహనం, గుడి సిబ్బంది, శేషవస్త్రం ఏదీ వెంట వెళ్లకూడదు. ఇంటింటికీ స్వామి కుంకుమ పొట్లం పంచుతూ ఓటు అడగడం కంటే సూటిగా 123(3)లోని ‘మత చిహ్నాల వాడకం’ కిందికి వచ్చే పని మరొకటి దొరకదు. ఆ పొట్లాల మీద దేవస్థానం ముద్ర ఉంటే మొదటి నోటీసు వచ్చేది స్టాకు రిజిస్టరు రాసే గుమస్తాకు. కోడ్ వచ్చిన సాయంత్రమే కుంకుమ, లడ్డు, శేషవస్త్రాల నిల్వ లెక్క తీసి సంతకం పెట్టించడం అందుకే.

ఏదైనా జరిగితే ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో ఎవరో ఒకరు వీడియో పెడతారు. వంద నిమిషాల్లో తేల్చాల్సిన గడువు ఉంటుంది. ఫ్లయింగ్ స్క్వాడ్ వచ్చేసరికి ఈవో దగ్గర అరపేజీ నివేదిక సిద్ధంగా ఉండాలి: ఎన్ని గంటలకు, ఏ ద్వారం దగ్గర, ఎవరెవరు, ఏమన్నారు, అనుమతి ఉందా, ఆపడానికి ఏం చేశారు. ‘భక్తులుగా వచ్చారు’ అన్న ఒక్క వాక్యంతో ముగించే నివేదికలు చాలా కనిపిస్తాయి. అవి రాసినవాళ్లను కూడా కాపాడవు.

సాక్ష్యం గడువు

ఎన్నికల పిటిషన్ హైకోర్టులో వేయాలి. ఫలితం ప్రకటించిన రోజు నుంచి 45 రోజులు, ఒక్కరోజు దాటినా తీసుకోరు. డిపాజిట్ 2,000 రూపాయలు, అది కట్టకపోయినా కొట్టేస్తారు. అక్రమం ఆరోపిస్తే ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న పూర్తి వివరాలతో ఫారం 25లో అఫిడవిట్ జతచేయాలి. రుజువు స్థాయి క్రిమినల్ కేసుకు కావల్సినంత.

ఇప్పుడు గుడి సీసీటీవీ పెట్టెను తలుచుకోండి. చాలాచోట్ల డీవీఆర్ నెల తిరక్కుండానే పాత రికార్డు మీద కొత్తది రాసేస్తుంది. ప్రచారం మధ్యలో జరిగిన ఘటన, తరువాత పోలింగు, లెక్కింపు, ఆపైన 45 రోజులు. పిటిషనరు లాయరు అడిగే నాటికి పెట్టెలో ఏమీ ఉండదు. కాబట్టి ఘటన జరిగిన వారంలోపే ఆ ముక్కను వేరే డిస్కులోకి తీయించాలి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం, ఫైలు మారలేదని చూపే హాష్ విలువతో సహా, అప్పుడే రాయించాలి. ఆరు నెలల తరువాత ఆ ఆపరేటరు ఏ ఊళ్లో ఉంటాడో తెలియదు. టీవీ చానెల్ ప్రసారం చేసిన క్లిప్పు మీద ఆధారపడితే, ఎడిట్ చేశారన్న ఒక్క మాటతో అవతలివాళ్లు తప్పించుకుంటారు.

అభిరామ్ సింగ్ కేసు 1990 నాటి శాంతాక్రజ్ ఎన్నికది; అందులో చట్టం అర్థమేమిటో తేలింది 2017లో. ఆరు నెలల్లో విచారణ ముగించాలని 86వ సెక్షన్ ఆశిస్తుంది, ఆశించడం వరకే.

కొండ దిగువన

గుట్ట మీద కెమెరాలుంటాయి, పత్రికలుంటాయి. నల్లగొండ, గద్వాల, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఇవేవీ ఉండవు, ముడి మరింత బిగుసుగా ఉంటుంది. 2019 జనవరిలోనూ 2025 డిసెంబరులోనూ సర్పంచ్ ఎన్నికలప్పుడు పదవికి వేలం పాడి, పాట గెలిచినవాళ్ల డబ్బుతో గుడి కడతామని ఊరంతా తీర్మానించుకున్న వార్తలు వచ్చాయి. డబ్బు దేవుడికే కదా, తప్పేముంది అంటారు ఊరి పెద్దలు. ఎన్నికల హక్కు అంటే ఓటు ఒక్కటే కాదు. పోటీ చేయడం, చేయకపోవడం, నామినేషన్ వెనక్కి తీసుకోవడం కూడా ఆ హక్కే. ఆ హక్కును ఫలానా విధంగా వాడుకునేలా ఎవరికి ప్రతిఫలం ఇచ్చినా లంచం కిందికే వస్తుంది. గుడి కమిటీ చేతికి ఇచ్చినా ఇచ్చినట్టే. మిగతావాళ్లు ఉపసంహరించుకున్నది ఆ డబ్బు వల్లనే కాబట్టి లంచం నిర్వచనం సరిగ్గా సరిపోతుంది.

కేసు ఎక్కడ చెడుతుందంటే, ఎన్నికల లంచం నేరుగా కేసు కట్టగల నేరం కాదు. స్టేషనుకు వెళ్తే జనరల్ డైరీలో రాసుకుని పంపిస్తారు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ అనుమతి తెచ్చుకుంటేనే దర్యాప్తు మొదలవుతుంది. ఈలోపు ఏకగ్రీవం ప్రకటించేస్తారు. అందుకని ఫిర్యాదు పోలీసులకంటే ముందు ఉపసంహరణ గడువు ముగియకుండా రిటర్నింగ్ అధికారికి, కలెక్టరుకు, రాష్ట్ర ఎన్నికల సంఘానికి ఒకేసారి వెళ్లాలి. దానికి జతచేయాల్సిన ఆధారం వేలం తీర్మానం కాగితం, లేదా గుడి కమిటీ ఖాతాలో ఆ రోజు జమ అయిన మొత్తం. కాగితం చింపేస్తారు, బ్యాంకు పద్దు ఉంటుంది.

ఎంపీ నిధుల దారి ఇంకొకటి. ఎంపీకి ఏడాదికి ఐదు కోట్ల స్థానికాభివృద్ధి నిధి. ప్రార్థనాలయాల్లో గానీ, మతసంస్థల భూమిలో గానీ దాంతో పనులు చేయకూడదని మార్గదర్శకాల్లో ఉంది. అందుకే ఎస్టిమేటు మీద ‘కమ్యూనిటీ హాలు’ అని ఉంటుంది. స్థలం సర్వే నంబరు చూస్తే గుడి ఇనాం భూమి, లేదా దర్గా వక్ఫ్ భూమి. పూర్తయిన ఏడాదికి గోడకు తలుపు పడుతుంది, హాలు కల్యాణ మండపమో ఉర్సు వంటశాలో అవుతుంది. పాలకవీడు మండలం జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు హిందువులు, ముస్లింలు కలిసే వస్తారు, అన్ని పార్టీల నాయకులూ వస్తారు. అలాంటి చోట ఈ విషయం ఎత్తడమే చెడ్డపనిగా చూస్తారు. ఎత్తాల్సిన సమయం పరిపాలనా అనుమతి ముందు. ధరణిలోనో, దాని తరువాత వచ్చిన భూభారతిలోనో ఆ సర్వే నంబరు పట్టాదారు గడి తెరిచి చూసి, వక్ఫ్ గెజిట్‌తోనూ దేవాదాయ ఆస్తి రిజిస్టరుతోనూ పోల్చి, ఆ పేజీ నకలు ఎస్టిమేటుకు కుట్టాలి. ఆ నకలు లేని ఎస్టిమేటును సహాయ ఇంజనీరు సంతకం చేయకుండా వెనక్కి పంపాలి.